నోటి మాట ఆయనది, సంతకం మీది

ప్రశ్న ఇది: "నేను కానిస్టేబుల్‌ని. మా ఎస్‌ఐ గారు ఏ రూలూ పాటించరు. అన్నీ నోటి మాట మీదే. రాసిమ్మంటే 'ఏమయ్యా, నాకే రూల్స్ చెప్తున్నావా' అంటారు. పై ఆఫీసర్‌కి ఫిర్యాదు చేయొచ్చా?"

చేయొచ్చు. ఆ సంగతి చివర్లో చూద్దాం. ముందు ఒకటి చెప్పండి, నిన్న రాత్రి జనరల్ డైరీలో (జీడీ, స్టేషన్‌లో జరిగేవన్నీ టైమ్‌తో సహా రాసే పుస్తకం) మీ పేరు మీద ఏం రాసి ఉందో చూశారా? చూసి ఉండరు. స్టేషన్లలో సగం మంది చూడరు. రైటర్ (స్టేషన్ రాతపని చూసే పోలీసు) రాస్తాడు, వీళ్లు సంతకం గీకి బండి స్టార్ట్ చేస్తారు. ఎస్‌ఐ రూల్స్ పాటించడం లేదని ఏడ్చేవాళ్లలో నూటికి తొంభై మంది, ఆయన తప్పిన రూల్ కింద తమ సంతకమే ఉందన్న సంగతి ఛార్జ్ మెమో (శాఖాపరమైన ఆరోపణల నోటీసు) చేతికొచ్చాక గానీ గమనించరు.

ఒక మామూలు రాత్రి తీసుకోండి. 8.40కి జీపులో ఇద్దరిని తెచ్చారు. దొంగతనం కేసులో అనుమానితులు. ఎస్‌ఐ "లాకప్‌లో వద్దు, రైటర్ రూమ్‌లో కూర్చోబెట్టండి, పొద్దున చూద్దాం" అని వెళ్లిపోయారు. 9 గంటలకు సెంట్రీ (కాపలా పోలీసు) మారాడు. కొత్తగా వచ్చినతను తుపాకీ, తూటాలు లెక్క చూసుకుని, లాకప్ తాళం లాగి చూసి, రోజూ రాసే వాక్యమే రాశాడు: "లాకప్‌లో ముద్దాయిలు లేరు. ఛార్జి తీసుకోవడమైనది." అందులో అబద్ధమేమీ లేదు, లాకప్ ఖాళీయే. నాలుగు అడుగుల అవతల బెంచీ మీద మాత్రం ఇద్దరు మనుషులున్నారు. కాగితం మీద వాళ్లు లేరు.

తెల్లవారుజామున అందులో ఒకతనికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి పరుగెత్తారు. అక్కడి డాక్టరు మెడికో లీగల్ రిజిస్టర్‌లో "5.10, పోలీసులు తీసుకొచ్చారు" అని రాసుకున్నారు. స్టేషన్‌లో తయారైన అరెస్టు మెమోలో టైమ్ మధ్యాహ్నం 3.30. ఇప్పుడు సీసీ కెమెరా ఒక టైమ్ చెబుతుంది, ఆసుపత్రి ఒకటి, మెమో ఒకటి. విచారణలో ఎస్‌ఐ ఏమంటారు? "ఆ రాత్రి నేను స్టేషన్‌లో లేను, మనుషులున్నారని సెంట్రీ నాకు చెప్పలేదు." జీడీ కూడా ఆయన పక్షమే మాట్లాడుతుంది. ముద్దాయిలు లేరని సంతకం పెట్టింది సెంట్రీయే కదా.

అదే సెంట్రీ ఇంకో రెండు వాక్యాలు రాసి ఉంటే? (ఎస్‌హెచ్‌ఓ అంటే స్టేషన్ ఇన్‌ఛార్జి, ఇక్కడ ఎస్‌ఐయే.) "ఎస్‌హెచ్‌ఓ గారి మౌఖిక ఆదేశం మేరకు 20.40 గంటలకు తీసుకువచ్చిన ఇద్దరు వ్యక్తులు రైటర్ గదిలో ఉన్నారు. ఒంటిపై కనిపించే గాయాలు లేవు. ఛార్జి తీసుకోవడమైనది." పేర్లు తెలిస్తే పేర్లు, తెలియకపోతే మనిషి ఆనవాళ్లు. గాయం ఉంటే ఉందని, ఏ చేతికో, ఏ కాలికో రాయాలి. ఇందులో ఎవరి మీదా ఆరోపణ లేదు, మీ అభిప్రాయం లేదు. ఎవరు, ఎన్ని గంటలకు, ఎవరు చెబితే, ఎక్కడ, ఎలా ఉన్నారు అన్నవి మాత్రం ఉన్నాయి. "అక్రమంగా నిర్బంధించారు" లాంటి మాట జీడీలో రాయకండి. అది తేల్చాల్సింది మేజిస్ట్రేటు.

ఎస్‌ఐతో మాట్లాడేటప్పుడు "నేను చేయను సార్" అనకండి. ఆ మాటకు "ఆదేశ ధిక్కారం" అని మెమో వస్తుంది. "సార్, ఎంట్రీ పెట్టి చేస్తాను" అనండి. చట్టబద్ధమైన పని అయితే ఆయనకు అభ్యంతరం ఉండదు. చేయకూడని పని అయితే "సర్లే, నువ్వు పో" అని ఇంకొకరిని పిలుస్తారు. మీకు కావాల్సిందీ అంతే.

రైటర్ జీడీ ముట్టుకోనివ్వకపోతే ఎస్‌ఐ నంబరుకి ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టండి: "సార్, 9 గంటలకు సెంట్రీ ఛార్జి తీసుకున్నాను. మీరు చెప్పిన ప్రకారం ఇద్దరు రైటర్ రూమ్‌లో ఉన్నారు." స్టేషన్ గ్రూపులో కాదు, ఆయనకే. ఫోటోలు వద్దు, కేసు కాగితాలు అసలే వద్దు. నీలం టిక్కులు పడ్డాక స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫోన్ మార్చినా పోని చోట దాచండి.

"పైవాడు చెప్పాడు, చేశాను" అన్న వాదన మీద భరోసా పెట్టుకోకండి. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో 14వ సెక్షన్, పాత ఐపీసీ 76, చట్ట ప్రకారం చేయక తప్పని పని చేసినవాడినే కాపాడుతుంది. ఆదేశమే చట్టవిరుద్ధమైతే ఆ గొడుగు పనిచేయదు. 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు, హిట్లర్ మనుషుల మీద జరిగిన నూరెంబర్గ్ విచారణలను గుర్తుచేసి మరీ ఈ మాట చెప్పింది. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం స్టేషన్‌లో తండ్రీకొడుకులను కొట్టిన తర్వాత వాళ్లు చనిపోయిన కేసు చూడండి. సీబీఐ ఛార్జ్‌షీట్‌లో ఇన్‌స్పెక్టర్, ఎస్‌ఐలతో పాటు హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు కూడా నిందితులే. అక్కడి సీసీ కెమెరా ఫుటేజీ ఏ రోజుకారోజు చెరిగిపోయేలా పెట్టి ఉందని విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు రాశారు. ఆ రాత్రి ఏం జరిగిందో మేజిస్ట్రేటు ముందు చెప్పింది అదే స్టేషన్‌లో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్.

వెనక తేదీ వేయమంటే అసలే వేయకండి. ఒకరిని శిక్ష నుంచి తప్పించడానికి ప్రభుత్వోద్యోగి తప్పుడు రికార్డు తయారుచేస్తే బీఎన్‌ఎస్ 256 కింద మూడేళ్ల దాకా జైలు. చేతిరాత జీడీలో "తర్వాత నింపుదాం" అని రెండు గీతలు ఖాళీగా వదిలించే ఎస్‌ఐలు ఉంటారు. మీ ఎంట్రీ పైన అలాంటి ఖాళీ కనిపిస్తే, మీది రాసే ముందు అడ్డంగా గీత కొట్టండి. పంచనామా (సాక్షుల ముందు రాసే నివేదిక) కూడా అంతే. ఫలానా చోట ఫలానా టైమ్‌కి జరిగిందని రాసి, ఆ టైమ్‌కి మీ ఫోన్ టవర్ ఇంకో మండలంలో ఉంటే డిఫెన్స్ లాయర్‌కి పండగే.

అయితే అన్నింటికీ ఇదే మంత్రం కాదు. లీవు ఇవ్వలేదు, వరసగా మూడు నైట్ డ్యూటీలు వేశారు, సార్ ఇంటి పనికి పంపారు: ఇవి అన్యాయాలే. కానీ డ్యూటీ మానేసి కూర్చుంటే తప్పు మీదవుతుంది. ముందు డ్యూటీ చేయాలి, తర్వాత అర్జీ పెట్టాలి. కొట్టమనడం, తప్పుడు ఎంట్రీ, లెక్కలో లేని మనిషిని కాపలా కాయడం, ఈ మూడింటికీ మాత్రం "తర్వాత" లేదు.

రాతపూర్వక ఆదేశం అడగడం పొగరేమీ కాదు. అఖిల భారత సర్వీసుల (ఐఏఎస్, ఐపీఎస్ లాంటివి) ప్రవర్తనా నియమావళి, 1968, రూల్ 3(3) ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతలో ఉండాలి. తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాసి ధ్రువీకరించాలి, విన్నవాడు కూడా ఆ ధ్రువీకరణ అడగాలి. ఇది మీ ఎస్పీ గారి సర్వీసు రూలే. 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు కూడా నోటి ఆదేశాలను రికార్డు చేయాలనే చెప్పింది. ఎస్‌ఐకి ఈ తీర్పు వినిపించి లాభం లేదు. ఛార్జ్ మెమో జవాబులో అయితే పనికొస్తుంది.

జవాబు మాటొచ్చింది కాబట్టి, అక్కడ జరిగే పొరపాట్లు. ఒకటి, ఇంటర్నెట్‌లో చూసి 1861 పోలీసు చట్టం సెక్షన్లు దించేయడం. ఆంధ్ర ప్రాంతానికి ఉన్నది 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం, హైదరాబాద్ నగరానికి నిజాం కాలపు లెక్కలో 1348 ఫస్లీ చట్టం. తప్పు చట్టం రాస్తే విచారణాధికారి మొదటి పేజీలోనే నవ్వుకుంటారు. రెండు, నాలుగు పేజీలు ఎస్‌ఐని తిట్టడం. జవాబులో తేదీ, టైమ్, జీడీ ఎంట్రీ నంబరు, మెసేజ్ పెట్టిన టైమ్ ఉంటే చాలు. మూడు, కాగితాలు అడగకపోవడం. ఆ రోజు జీడీ నకలు, డ్యూటీ చార్టు, ఆ గంటల సీసీ ఫుటేజీ కావాలని మొదటి జవాబులోనే రాయండి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఫుటేజీ 18 నెలలు నిల్వ ఉండాలంది, అంత నిల్వ చేసే పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది. కెమెరాలు పనిచేసేలా చూసే బాధ్యత కూడా ఎస్‌హెచ్‌ఓ మీదే పెట్టింది. కానీ హార్డ్ డిస్క్ చిన్నదైతే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఆలస్యం చేస్తే "అందుబాటులో లేదు" అన్న ఒక్క ముక్క చేతికొస్తుంది.

ఇక ఫిర్యాదు. వెళ్లాల్సిన దారి సీఐ, డీఎస్పీ మీదుగా ఎస్పీకి. ఒక అడ్వాన్స్ కాపీ నేరుగా ఎస్పీ ఆఫీసు తపాల్‌లో (ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే కాదు. ఒక్క సంఘటన, ఒక్క పేజీ, జతపరిచిన కాగితాల జాబితా. "ఎప్పుడూ ఇంతే చేస్తారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. లైంగిక వేధింపు అయితే ఈ దారి కాదు, అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు వెళ్లాలి. గుర్తింపు ఉన్న పోలీసు సంఘాన్ని కలవొచ్చు. విలేకరి దగ్గరికి, యూట్యూబ్ ఛానల్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం యూనియన్లకూ పత్రికలకూ అనుమతి లేకుండా వెళ్లనివ్వదు. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్లలో "ఏక్ పోలీస్" ఆందోళన జరిగినప్పుడు 39 మంది సస్పెండ్ అయ్యారు, 10 మంది ఉద్యోగాలే పోయాయి. వాళ్ల డిమాండ్ న్యాయమా కాదా అని ఆ ఫైళ్లలో ఎవరూ అడగలేదు.

ఫిర్యాదు తర్వాత మిమ్మల్ని వేరే చోటికి అటాచ్ చేసే (తాత్కాలికంగా పంపే) అవకాశం ఎక్కువ. రిలీవ్ అయ్యే రోజు మీ పేరున ఉన్న సామాను, పెండింగ్ సమన్లు, వారెంట్లు ఎవరికి అప్పజెప్పారో నంబర్లతో సహా జీడీలో రాయించి, ఆ ఎంట్రీ నంబరు మీ నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాకే గేటు దాటండి.