భర్తకు ఎదురు చెబితే పాపమా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తాతల నాటి నుంచి కతోలికులం. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నా జీతం పడే ఖాతా కార్డు నా భర్త దగ్గరే ఉంటుంది. ఎందుకని అడిగితే చేయి చేసుకుంటారు. గొడవ జరిగిన రాత్రి జపమాల ముగిశాక, భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న వాక్యం నాచేతనే పైకి చదివిస్తారు. ఇది నా సిలువ అని, స్త్రీవాదుల మాటలు వింటే విశ్వాసం పోతుందని ప్రార్థనా కూటంలోని పెద్దావిడ అంటున్నారు. గుడి మానేస్తే తప్ప నాకు విముక్తి లేదని మహిళా సంఘంలో ఉన్న నా సహోద్యోగిని అంటోంది. మొన్న పన్నెండేళ్ల నా కూతురు, ‘అమ్మా, దేవుడికి కూడా నాన్నంటేనే ఇష్టమా?’ అని అడిగింది. నేను దేనిని వదులుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీ కూతురి ప్రశ్న. ఆ పాప దెబ్బను, జపమాలను, వాక్యాన్ని ఒకే రాత్రి ఒకే గదిలో చూస్తోంది కనుక ఆ మూడూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని నమ్మడం మొదలుపెట్టింది. మీరు విశ్వాసాన్ని గాని, మీ హక్కును గాని వదులుకోనవసరం లేదు. దెబ్బకు దేవుని అనుమతి ఉందన్న మాటను మాత్రం మీ ఇంట్లో ఇకమీదట ఎవరు చెప్పినా నమ్మకండి.

మీచేత చదివిస్తున్నది పునీత పౌలు ఎఫెసీయులకు వ్రాసిన లేఖలోని ఐదవ అధ్యాయం. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు, ఎవరి ఆజ్ఞా లేకుండా, దానిని 21వ వచనం నుంచి అధ్యాయం చివరి వరకు చదవండి. క్రీస్తు పట్ల భయభక్తులతో ఒకరికొకరు లోబడి ఉండాలన్న మాట మొదట వస్తుంది. భార్యలకు చెప్పినది ఆ తరువాతిది. అక్కడి నుంచి పౌలు ఎక్కువ సేపు మాట్లాడేది భర్తలతోనే: క్రీస్తు తిరుసభ (క్రైస్తవ సంఘం) కోసం తనను తాను అర్పించుకున్నట్లు భార్యను ప్రేమించాలని, ఆమెను తన శరీరంగానే భావించాలని, తన శరీరాన్ని ఎవరూ ఎన్నడూ ద్వేషించలేదని. భార్య మీద చేయి ఎత్తిన మనిషి ఆ రాత్రి ఆ వచనాలు తానే చదువుకోవలసి ఉంటుంది. పోప్ రెండవ జాన్ పాల్ 1988లో స్త్రీల గౌరవాన్ని గురించి వ్రాసిన లేఖలో ఈ భాగాన్ని ప్రత్యేకంగా తీసుకుని, దాంపత్యంలో లోబడడం ఒకవైపే ఉండేది కాదని, పరస్పరమైనదని స్పష్టంగా వివరించారు. అయితే ఈ మాటలను గొడవ మధ్యలో ఆయనకు జవాబుగా చెప్పవద్దు. ఇవి ముందు మీ మనస్సులోని అపరాధ భావం తొలగడానికి.

సిలువ విషయానికి వస్తే, ఆ పెద్దావిడ చెడు ఉద్దేశంతో అని ఉండరు. బహుశా ఆమెకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ ఒకరు చేస్తున్న పాపాన్ని ఆపగలిగి కూడా భరించమనడం తిరుసభ బోధ కాదు. భార్యాభర్తల హక్కులూ బాధ్యతలూ సమానమని 1983 నాటి తిరుసభ చట్టం చెబుతుంది. జీవిత భాగస్వామి వల్ల తనకు గాని, పిల్లలకు గాని శారీరకంగానో మానసికంగానో తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు విడిగా ఉండడానికి అదే చట్టంలోని 1153వ నిబంధన అనుమతిస్తుంది. ఆలస్యం చేస్తే ముప్పు అనుకుంటే ఎవరి అనుమతి కోసమూ ఆగనవసరం లేదు. అటువంటి స్థితిలో వేరుపడడం నైతికంగా అవసరం కూడా కావచ్చునని పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబ ప్రేమను గురించిన పత్రంలో వ్రాశారు. స్త్రీ స్వేచ్ఛ వల్లనే నేటి సమస్యలు పుట్టాయన్న వాదం సరైనది కాదని కూడా అందులోనే అన్నారు. విడిగా ఉన్నంత మాత్రాన దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో స్వీకరించే ప్రసాదానికి, దూరం కావలసి వస్తుందని చాలామంది స్త్రీలు భయపడి దెబ్బలు తింటూ ఉండిపోతారు. ఆ భయానికి ఆధారం లేదు.

మీ సహోద్యోగిని మాటలను కూడా కొట్టిపారేయకండి. ఆమె కోపానికి కారణాలు లేకపోలేదు. గురుత్వ అభిషేకం, అంటే ఫాదర్‌గా నియమించే సంస్కారం, స్త్రీలకు ఇచ్చే అధికారం తిరుసభకు లేదని 1994లో పోప్ రెండవ జాన్ పాల్ తేల్చి చెప్పారు. ఆ నిర్ణయం ఎందరో భక్తురాళ్లను నొప్పించింది, ఇప్పటికీ నొప్పిస్తోంది. ఆ నొప్పి మీకూ ఉంటే అది అవిశ్వాసం కాదు. కానీ మీ జీతం, మీ నిద్ర ఇప్పటికే పోయాయి. వాటితో పాటు ఆదివారం పూజ కూడా పోగొట్టుకోవాలనడం నాకు న్యాయంగా తోచదు. మీ గుంటూరుకే 1920లో మెల్‌బోర్న్ నుంచి వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీని చూడండి. అంతకు ముందే ఆమె అక్కడ కతోలిక స్త్రీల సంఘానికి తొలి అధ్యక్షురాలు. కన్యస్త్రీలు (సిస్టర్లు) వైద్యం చేయకూడదన్న నిబంధన ఉన్న ఆ రోజుల్లో పోప్ ప్రత్యేక అనుమతితో ఆమె కన్యస్త్రీ అయ్యాక కూడా వైద్యురాలిగానే కొనసాగి, ఇక్కడి ఆడపిల్లలకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చారు. ఆమె విశ్వాసమూ, స్త్రీల కోసం చేసిన పనీ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఇక చేయవలసిన పనులు. మీ పేర కొత్త ఖాతా తెరిచి, జీతం అందులో వేయమని పాఠశాలకు వ్రాసి ఇవ్వండి. ఆ విషయం ఇంట్లో తెలిసే రోజున మీరూ పాపా ఒంటరిగా ఉండకుండా పుట్టింటివారిని గాని, నమ్మకమైన వారిని గాని దగ్గర ఉంచుకోండి. భార్య సంపాదనను లాక్కోవడం కూడా 2005 నాటి గృహహింస చట్టం కింద హింసే. ఆ చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. అదే ఇంట్లో ఉండే హక్కును, రక్షణ ఉత్తర్వును కోర్టు ద్వారా పొందవచ్చు. 181కు ఫోను చేస్తే దారి చెబుతారు.

విచారణ గురువు గారిని, అంటే మీ గుడి ఫాదర్ గారిని, కలవడానికి ఒంటరిగా కాక, మీకు చనువున్న సిస్టర్‌ను వెంట తీసుకుని వెళ్లండి. జరిగినది జరిగినట్లు చెప్పండి, ‘చిన్న చిన్న గొడవలు’ అని తగ్గించవద్దు. సర్దుకుపొమ్మని పంపివేస్తే మేత్రాణుల (బిషప్) కార్యాలయానికి వ్రాయండి. స్త్రీ పురుష సమానత్వాన్ని భారత కతోలిక పీఠాధిపతులు 2010లో తమ విధానంగానే ప్రకటించారు, కనుక మీరు అడుగుతున్నది కొత్త కోరిక కాదు. మీ భర్త నిజంగా మారదలిస్తే కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లవచ్చు గాని, చేయి చేసుకోవడం ఆగి, కార్డు మీ చేతికి వచ్చాకనే.

మీ కూతురి ప్రశ్నకు ఈ వారమే జవాబు చెప్పండి. ‘నాన్న నన్ను కొట్టడం తప్పు, దేవుడు దానిని ఇష్టపడడు’ అని ఆ పాప మీ నోటి నుంచే వినాలి. మరియమాత పాడిన స్తుతిగీతాన్ని ఇద్దరూ కలిసి చదవండి. బలవంతులను ఆసనాల మీద నుంచి దించి, దీనులను పైకెత్తే దేవుడు అందులో కనిపిస్తాడు. పూజలో ఫాదర్ గారికి సాయపడే పీఠ సేవకురాలిగా ఉండాలని పాపకు కోరిక ఉంటే, మేత్రాణుల అనుమతితో ఆడపిల్లలూ ఆ సేవ చేయవచ్చునని 1994లోనే వాటికన్ తెలిపింది. మీ గుడిలో ఆ అవకాశం ఉందేమో ఫాదర్ గారిని తననే అడగనివ్వండి.