తెలిసినవాళ్ల కారు, మొహమాటం లేని బేరం

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్‌ని. నెలకు 48 వేలు చేతికొస్తాయి. మా బావమరిది స్నేహితుడు విజయవాడలో తన వ్యాగనార్ అమ్ముతున్నాడు. పెట్రోల్ బండి, 2020 డిసెంబరు రిజిస్ట్రేషన్, సింగిల్ ఓనర్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. 4.60 లక్షలు చెప్పి, ‘మీరు కాబట్టి ఈ రేటు, ఇదే ఫైనల్’ అంటున్నాడు. అలాయ్ వీల్స్‌కి, టచ్ స్క్రీన్‌కి 55 వేలు పెట్టాడట. కొత్త బండికి షోరూంలో ఆన్‌రోడ్ 6.40 లక్షలు చెప్పారు. ఇలాంటి పాత బండ్లే వేరే ప్రకటనల్లో 4.10 నుంచి 4.40 లక్షల దాకా ఉన్నాయి. నా దగ్గర 3 లక్షలున్నాయి. మిగతాది 13 శాతం వడ్డీకి లోన్ తీసుకోవాలనుకుంటున్నాను. తెలిసినవాళ్ల దగ్గర బేరమాడితే ఏమనుకుంటారోనని మొహమాటంగా ఉంది. ఎంతకు అడగమంటారు? టైరు ఫొటో, ఇన్సూరెన్స్ పాలసీ కాపీ జతచేశాను.

జవాబు: మీ మొహమాటం నాకు అర్థమైంది. రేపు పెళ్లిలోనో పండక్కో ఎదురుపడాల్సిన మనుషులు. అందుకే నోటిమాటగా ‘కొంచెం తగ్గించండి’ అని అడగకండి. అలా అడిగితే అది ఆయన మంచితనానికి పెట్టిన పరీక్షలా ఉంటుంది. ప్రతి తగ్గింపు వెనకా ఒక బిల్లో, కొటేషనో, మెకానిక్ రాసిచ్చిన కాగితమో ఉంటే మాట బండి మీదే నడుస్తుంది, మనుషుల మీదకు రాదు.

ముందు కొత్త బండి ధర నుంచి లెక్క మొదలుపెట్టండి. అమ్మేవాళ్లు తాము కొన్న ధర గుర్తుపెట్టుకుని, అందులోంచి కొంత తీసేసి రేటు చెబుతారు. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన ఉన్న సెస్ కూడా పోయింది. కొత్తవి చవకైతే పాతవాటి ధర కూడా దిగాల్సిందే. మీ కేసులో 4.60 లక్షలిచ్చి, వెంటనే పెట్టాల్సిన ఖర్చు ఇంకో 30 వేలు కలిపితే 4.90 అవుతుంది. ఇంకో లక్షన్నర వేస్తే 3 ఏళ్ల కంపెనీ వారంటీతో కొత్త బండే వస్తుంది. ఐదేళ్లు దాటిన బండికీ కొత్తదానికీ ఉండాల్సిన తేడా అంత తక్కువ కాదు. మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా గట్టి మాట ఇదే. షోరూం కొటేషన్ కాగితం దగ్గర పెట్టుకోండి.

ఆ 30 వేలు ఎక్కడివంటే, మీరు పంపిన టైరు ఫొటో చూడండి. పక్కన చిన్న గడిలో 4520 అని ఉంది. అంటే 2020వ సంవత్సరం 45వ వారంలో తయారైన టైరు. బండితో పాటు వచ్చిన టైర్లే ఇంకా నడుస్తున్నాయన్నమాట. గాడులు లోతుగా కనిపించినా రబ్బరు వయసైపోయింది. మిగతా మూడింటి మీదా నంబర్ చూడండి. నాలుగూ మార్చడానికి 15, 16 వేలు. బ్యాటరీ పాతదైతే ఇంకో 5 వేలు. మిగిలింది సర్వీసింగ్‌కీ, పేరు మార్పుకీ, ఇన్సూరెన్స్‌కీ.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరపడతారు. పాలసీలో ఆయనకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఉంది. అది మనిషిది, బండిది కాదు. మీ పేరుకు మారగానే ఆ డిస్కౌంట్ పోతుంది, తేడా మీరే కట్టాలి. అదే పాలసీలో ఐడీవీ 3.45 లక్షలని ఉంది. బండి పోయినా, పూర్తిగా నుజ్జయినా ఆయనకు కంపెనీ లెక్కగట్టే విలువ అది. మార్కెట్ ధర సాధారణంగా దానికన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఐడీవీకే ఇమ్మని పట్టుబట్టడం న్యాయం కాదు. కానీ 4.60 ఎంత ఎక్కువో చూపించడానికి పనికొస్తుంది.

అలాయ్ వీల్స్, టచ్ స్క్రీన్ ఆయన సరదా. వాటికి విడిగా ధర కట్టకండి. అవి తీసేసుకుని పాత వీల్స్ వేసిస్తానన్నా అభ్యంతరం లేదని చెప్పండి.

ఇక రేటు. ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర, తెగే ధర కొంచెం కిందే ఉంటుంది. బాగున్న బండికి 4.15 అనుకుని, అందులో 30 వేల ఖర్చు తీస్తే 3.85. మీరు 3.70 దగ్గర మొదలుపెట్టండి. 4 లక్షలు మీ హద్దు. ఆ అంకె ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లండి. మధ్యలో బావమరిదిని మాట్లాడనివ్వకండి, రేపు ఏ తేడా వచ్చినా ఇద్దరి మధ్యా నలిగేది ఆయనే. ‘అన్నా, మెకానిక్ ఇవి రాసిచ్చాడు, షోరూం రేటు ఇదీ, నాకు ఇంతవరకు కుదురుతుంది, ఇంట్లో మాట్లాడుకుని రేపు చెప్పండి’ అని కాగితాలు వాట్సాప్‌లో పెట్టి వచ్చేయండి. అక్కడికక్కడే తేల్చమని ఆయన్ని ఒత్తిడి చేయొద్దు, మీరూ టెన్షన్ పడొద్దు.

బండి విజయవాడది కాబట్టి ఒక్కటి మాత్రం బేరానికి ముందే చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ముందు సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి. బయట ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక మిగిలిపోతుంది. డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు, కార్పెట్ కింద తేమ, ఏసీ వేయగానే ముక్కిన వాసన ఉన్నాయేమో చూడండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీస్ రికార్డు ఆయన చేతే తీయించండి. కిలోమీటర్లు వెనక్కి తిప్పి ఉంటే అందులోనే దొరికిపోతుంది. నీళ్లలో మునిగిన బండని తేలితే 50 వేలు తగ్గించినా వద్దు. వైరింగ్ ఎప్పుడు మొండికేస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇంట్లో పిల్లలూ పెద్దలూ తిరిగే బండి.

లోన్ మాటకొస్తే, ఉన్న 3 లక్షలూ ఊడ్చిపెట్టకండి. 2 లక్షలు బండికి, 30, 35 వేలు ఖర్చులకు, మిగతా 65 వేలు అత్యవసరానికి బ్యాంకులోనే ఉంచండి. 2 లక్షల లోన్ 13 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 6,740, మొత్తం వడ్డీ 42 వేల పైచిలుకు. ‘ఐదేళ్లు పెట్టుకోండి సార్, ఈఎంఐ తగ్గుతుంది’ అంటారు. నిజమే, 4,550 అవుతుంది. కానీ వడ్డీ 73 వేలకు చేరుతుంది. పూటంతా కూర్చుని బేరమాడి 20 వేలు తగ్గించుకుని, ఒక్క సంతకంతో 30 వేలు పోగొట్టుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది. మీ జీతానికి మూడేళ్లే సరైనది.

డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే పంపండి. 2 లక్షలు, అంతకుమించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదని ఆయనకూ చెప్పండి. ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో ఆర్సీ మీద ఫైనాన్స్ చూపిస్తుంటే బ్యాంకు ఎన్‌ఓసీ (బాకీ లేదనే పత్రం), ఫామ్ 35 (ఆర్సీ మీద లోన్ తీయించే కాగితం) చేతికొచ్చేదాకా అడ్వాన్స్ దాటి ఇవ్వొద్దు. పెండింగ్ చలాన్లు ఆయనే కట్టాలి. బండి పేరు మార్చే ఫామ్ 29, 30 మీద సంతకాలు అయ్యాకే మిగతా సొమ్ము. బండి తీసుకున్న తేదీతో పాటు టైమ్ కూడా రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు, ఆర్టీవో దగ్గర పేరు మార్పుకు 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. పాలసీ మారకుండా యాక్సిడెంట్ అయితే మీ బండి రిపేరుకు కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు.

ఆయన 4 లక్షలకు దిగకపోతే, కుదరలేదని బావమరిదికి ముందుగా మీరే ఫోన్ చేసి చెప్పండి, షోరూం రేటుతో సహా. వ్యాగనార్ గుంటూరు, విజయవాడల్లో ఎప్పుడూ దొరికే బండే.