రోజలిండ్ ఫ్రాంక్లిన్ డీఎన్ఏ కంటే ముందు ఏదో బొగ్గు పరిశోధన సంఘంలో పనిచేశారట. ఏమిటా సంఘం? మన హైదరాబాద్‌లో అలాంటిది ఉందా?

"పనిచేశారట" ఏమిటండీ, ఆవిడ డాక్టరేటే బొగ్గు మీద! ఫొటో 51 (డీఎన్ఏ ఆకారం పట్టిచ్చిన, ఆవిడ ల్యాబు ఎక్స్-రే ఫొటో), ఆవిడకి జరిగిన అన్యాయం, నోబెల్ రాకపోవడం... ఇవన్నీ ఏడాదికి రెండుసార్లు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. బొగ్గు ఊసు ఒక్కదాంట్లో ఉండదు. నన్నడిగితే అది ఇంకో అన్యాయం.

సంఘం పేరు బ్రిటిష్ కోల్ యుటిలైజేషన్ రీసెర్చ్ అసోసియేషన్. 1938లో పెట్టారు. కంపెనీలు చందాలు కట్టేవి, ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది, ఆ డబ్బుతో బొగ్గును దండగ చేయకుండా ఎలా వాడాలో వెతికేవాళ్ళు. మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. రైలు, కరెంటు, గ్యాసు, ఫ్యాక్టరీ అన్నీ బొగ్గు మీదే నడిచే దేశం. 1942 ఆగస్టులో ఫ్రాంక్లిన్ అక్కడ చేరింది. వయసు ఇరవై రెండు. పగలు ల్యాబు, రాత్రుళ్ళు బాంబు దాడుల వార్డెన్ డ్యూటీ. ఏ ప్రయోగం చేయాలో చాలావరకు ఆవిడ ఇష్టానికే వదిలేశారు. ఆ సంఘం చేసిన గొప్ప పని అదేనని నా గట్టి నమ్మకం.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను. నేను కొత్తగూడెం పిల్లని. నాన్నది సింగరేణి ఉద్యోగం. పొద్దున్నే అమ్మలందరూ క్వార్టర్ల ముందు పొయ్యిలు పెట్టి, రాక్షసి బొగ్గు అంటించి, పొగంతా పోయాక లోపలికి తెచ్చుకునేవాళ్ళు. ఆ వాసన ఇప్పటికీ నాకు బాల్యం వాసనే. 1986లో హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తుంటే, సింగరేణి వాళ్ళమ్మాయివి కదా అని బొగ్గు ప్రాజెక్టు నాకు అంటగట్టారు. పేరుకి ప్రాజెక్టు, పని మాత్రం బొగ్గుపొడి సాంద్రత కొలవడం.

పొడిని ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, డెన్సిటీ బాటిల్‌లో వేసి, పైన ద్రవం పోసి, గాలిబుడగలు లాగేసి తూకం వేయాలి. మొదట నీళ్ళు పోశాను. బొగ్గుపొడి నీళ్ళమీద అలిగిన పిల్లలా తేలుతూ కూర్చుంది, తడవనే తడవదు. పంపు పెట్టి లాగగా లాగగా మునిగింది. 1.47 వచ్చింది. సరిచూద్దామని కిరోసిన్‌తో చేస్తే 1.42. పక్క బెంచీ వాళ్ళ మిథనాల్ అడిగి తెచ్చుకుని చేస్తే 1.51. ఒకే డబ్బాలోని పొడి! మూడుసార్లు మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే.

కిరోసిన్ సీసా ఒకటి తూకం వేయకుండానే ఒక రాత్రి వదిలేసి హాస్టల్‌కి పోయాను. తెల్లారి వచ్చి చూస్తే మూతలో సన్న గొట్టం ఉంటుందే, అందులో ద్రవం లేదు, మట్టం కిందికి దిగిపోయింది. ఎవరో ముట్టుకున్నారని అటెండర్ తాత మీద ఎగిరాను. ఆయన సీసా వెలుతురుకి పెట్టి చూసి, "గ్యాస్ నూనె యాడికి పోతది బిడ్డా, బొగ్గు తాగింది" అన్నాడు. నేను నవ్వేశాను.

గైడు గారు నవ్వలేదు. రికార్డు చూసి, "ఒక బొగ్గుకి మూడు సాంద్రతలేమిటమ్మా? నీ చేతిలోనే ఏదో తప్పుంది. సగటు వేసెయ్" అన్నారు. వేశాను. 1.47 వచ్చింది, సరిగ్గా నీళ్ళ లెక్కే! "చూశావా, మొదటిదే కరెక్టు" అని ఆయన సంతోషించారు. కాపీ కొట్టిన కాగితాల మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టే గైడ్లు, నిజంగా వచ్చిన అంకెల్ని మాత్రం చెరిపించే గైడ్లు మన దగ్గర ఎంతమంది లేరు చెప్పండి.

పదేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఫ్రాంక్లిన్ గురించి దొరికింది. ఇంటికొచ్చేదాకా ఆగలేక బస్టాపులోనే చదివాను. ఆవిడ కొలిచింది కూడా బొగ్గు సాంద్రతే! హీలియంతో ఒకటి, మిథనాల్, బెంజీన్, హెక్సేన్ లాంటివాటితో ఇంకోటి. అంకెలు కలవలేదు. ఆవిడ సగటు వేయలేదు, ఎందుకు కలవలేదని అడిగింది. బొగ్గు నిండా అణువులంత సన్నటి ఇరుకు దారులున్నాయి. చిన్న అణువు దూరుతుంది, పెద్దది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. దూరినంత మేర ఘనపరిమాణం తగ్గి సాంద్రత పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే బొగ్గు ఒక జల్లెడ. 1945లో కేంబ్రిడ్జ్ డాక్టరేటు దీనిమీదే. బొగ్గు తాగింది అన్న తాతకి నేను క్షమాపణ చెప్పుకోలేకపోయాను, అప్పటికి ఆయన రిటైరై వెళ్ళిపోయాడు.

సంఘం ఏమైందీ అంటారా, అదో తమాషా. మొదటి డైరెక్టర్ బెన్నెట్‌కి ఆధ్యాత్మికం పిచ్చి. కింగ్‌స్టన్ దగ్గర కూంబ్ స్ప్రింగ్స్‌లో సంఘం ల్యాబు ఉండేది. 1946లో ఆయన దాన్నే కొని ఆశ్రమంలా మార్చాడు. సంఘం లెదర్‌హెడ్‌కి తరలి అక్కడ ఫ్లూయిడైజ్డ్ బెడ్ పొయ్యిల (కింద నుంచి గాలి ఊది బొగ్గును తేలుస్తూ కాల్చేవి) మీద మంచి పనే చేసింది. కానీ నార్త్ సీ గ్యాసు వచ్చాక బొగ్గును పట్టించుకునేదెవరు?

ఇక మన హైదరాబాద్. కంపెనీలు చందాలేసుకుని నడిపే బొగ్గు సంఘం ఇక్కడ లేదు. అహ్మదాబాద్ బట్టల మిల్లులవాళ్ళు 1947లోనే విక్రమ్ సారాభాయ్‌ని ముందు పెట్టుకుని ఆటిరా అనే తమ పరిశోధన సంఘం పెట్టుకున్నారు, అసలు పద్ధతి అది. మనకి సర్కారు ల్యాబులే దిక్కు. అవీ తక్కువవేం కాదు. తార్నాకలో ఇప్పుడు ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ సంస్థ) అంటున్నది మా తరానికి ఆర్ఆర్ఎల్, అంటే రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ. 1944లో నిజాం హయాంలో పుట్టింది. సింగరేణి బొగ్గును గాలి తగలకుండా తక్కువ వేడిలో కాచి, పొగరాని వంటబొగ్గు చేసే పద్ధతి అక్కడే తయారైంది. కోల్సిన్ అని పేరు. దాంతో మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో ఫ్యాక్టరీ కూడా పెట్టారు. తర్వాత వంటింట్లోకి గ్యాసు బండ వచ్చింది, అక్కడ కథ అయిపోయింది. మా అమ్మ పొగలో దగ్గిన రోజుల్లో ఆ బొగ్గు మా క్వార్టర్లకి ఎందుకు రాలేదో మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. బూడిద ఎక్కువుండే మన బొగ్గు నుంచి మిథనాల్ తీసే చిన్న ప్లాంటు 2022 జనవరిలో ఇక్కడి బీహెచ్ఈఎల్ పరిశోధన విభాగంలో మొదలైంది. రోజుకి పావు టన్ను. వార్త చదివి మా ఆయనకి "నా మూడో సీసాలో పోసింది ఇదే" అని చెప్తే, ఏ సీసా అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురం!

రికార్డు పుస్తకం అటక మీద ఇంకా ఉంది. 1.47 పక్కన ఎర్ర సిరా టిక్కు. కింద నేను పెన్సిల్‌తో రాసుకున్న 1.42, 1.51 రబ్బరుతో చెరిపినా కాగితం మీద నొక్కు పోలేదు, వాలుగా పట్టుకుంటే చదవొచ్చు.