ఉపవాసం ఉన్నాను, తోడికోడలితో మాట్లాడను

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. ఈస్టర్‌కు ముందు లెంట్ ఉపవాసకాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి రోజూ మధ్యాహ్నం భోజనం మానేసి ప్రార్థనలో ఉంటున్నాను. మిగిలిన డబ్బు ఒక అనాథ పిల్లల ఆశ్రమానికి పంపుతున్నాను. అయినా మనసులో సమాధానం లేదు. మా తోడికోడలికీ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. ఒక శుభకార్యంలో నలుగురి ముందు నన్ను చులకన చేసింది. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆమె ఇటు కూర్చుంటే నేను అటు. ఆర్నెల్లుగా మా అత్తగారు వాళ్లింట్లోనే మంచం మీద ఉన్నారు. ఖర్చులకు మావారి చేత డబ్బు పంపిస్తున్నాను. ఇప్పుడు నేనే వెళ్తే "లెంట్ వచ్చింది కదా, భక్తి చూపించుకోవడానికి వచ్చింది" అనుకుంటుందని టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక సోదరి

జవాబు: వందనాలమ్మా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆశ్రమం గురించి ఒక్క వాక్యం రాశావు. ఆ తర్వాతదంతా తోడికోడలి గురించే. నీ ఉపవాసానికి ఏం తక్కువైందో నీకు తెలియక కాదు నన్నడగడం.

బైబిల్లో యెషయా 58వ అధ్యాయం తెరిచి చూడు. "మేం ఉపవాసం ఉంటే నువ్వు చూడవేం?" అని జనం దేవుణ్ణే నిలదీస్తారు. మీరు ఉపవాసం ఉంటూనే కలహాలు పెట్టుకుంటున్నారు కదా అంటాడాయన. ఏడో వచనంలో తనకిష్టమైన ఉపవాసం ఏమిటో చెబుతాడు. ఆకలిగొన్నవారికి పెట్టడం, దిక్కులేనివారిని చేర్చుకోవడం, బట్టలేనివారికి బట్టలివ్వడం అందరికీ గుర్తుంటాయి. వాటి మధ్యలోనే "నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుట" అని ఉంది. నేను ఎన్నో ఏళ్లు ఆ మాట మీదుగా చదువుకుంటూ పోయినదాన్నే. చర్చిలో ఆమె ఇటు, నువ్వు అటు అని రాశావే, దాన్నే ముఖం తప్పించడం అంటారు. తోడికోడలు రక్తసంబంధి కాదుగా అనకు. అది లాయరు పాయింటు.

నా సంగతీ చెబుతాను. పాస్టరమ్మగా కొత్తలో ఒక లెంట్ శ్రమకాలమంతా మూడు గంటల వరకూ మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉన్నాను. ఒక సాయంత్రం కూడికకు బయల్దేరుతుంటే పక్కింటి పెద్దావిడ వచ్చింది, చదువు రాని మనిషి. చేతిలో కొడుకు రాసిన ఉత్తరం. ఎన్నిసార్లు విప్పి మడిచిందో, మడత దగ్గర కాగితం చిరిగిపోయి ఉంది. చదివిపెట్టమంది. "ప్రార్థనకు టైమైంది, రేపు రామ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు, ఉత్తరాన్ని మళ్లీ అదే మడతల్లో జాగ్రత్తగా పెట్టుకుని వెళ్లింది. మర్నాడు రాలేదు. నేనే వెళ్తే వీధిలో ఎవరో పిల్లాడు చదివిపెట్టాడని చెప్పింది. రెండు నిమిషాల పని. ఆ రోజు కూడికలో నేను ప్రేమ గురించి సాక్ష్యం చెప్పాను కూడా!

నీ సంగతికొస్తే, క్షమాపణల ప్రసంగం తయారుచేసుకుని వెళ్లకు. పాత గొడవ మొదటి రోజే తవ్వకు. మంచం మీద మనిషిని చూసుకునేవాళ్లకు డబ్బు కంటే కరువయ్యేది నిద్ర. రాత్రిళ్లు లేవాలి, పక్క మార్చాలి, దుప్పట్లు ఉతకాలి, మళ్లీ పొద్దున్నే మామూలే. ఆర్నెల్ల నుంచి ఆమె కంటినిండా పడుకుందో లేదో. కాబట్టి వెళ్లి, "అక్కా, సాయంత్రం దాకా అత్తయ్య దగ్గర నేనుంటాను, నువ్వెళ్లి పడుకో" అను. అంతే. ఉపవాసం సంగతి ఎత్తకు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ప్రభువు చెప్పాడు, తోడికోడలికి అసలే తెలియనక్కర్లేదు. ఆ రోజు ఆకలితో నీకు చిరాకొస్తుందనుకుంటే తినేసి వెళ్లు. నేను చెబుతున్నాను, పాపం కాదు.

తప్పు ఆమెదే కదా, నేనెందుకు వెళ్లాలి అని నీ మనసు అడుగుతుంది. మత్తయి 5:23, 24 మళ్లీ చదువు. నీ సహోదరుడి మీద నీకు కోపముంటే అని లేదు అక్కడ. అతనికి నీమీద ఏమైనా విరోధముంటే, అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి వెళ్లు అని ఉంది. అత్తగారి బరువంతా తన మీద పడేసి నువ్వు డబ్బు పంపి ఊరుకున్నావని ఆమెకూ ఉండొచ్చుగా?

ఆమె నవ్వొచ్చు, తలుపు దగ్గరే ఒక మాట అనొచ్చు. అంటే ఇంటికొచ్చెయ్, వారం తర్వాత మళ్లీ వెళ్లు. యోహాను 13లో ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినప్పుడు ఆయన్ని అప్పగించబోయే యూదా ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు. కడిగినందుకు అతను మారలేదు కూడా.

ప్రశ్న: లెంట్ 40 రోజులంటారు. 2026లో ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 5 ఈస్టర్‌కి ముందు రోజు దాకా లెక్కేస్తే 46 వచ్చాయి. నేను ఫోన్లో వీడియోలు మానేశాను. ఆ ఆరు రోజులూ చూడొచ్చా?
— ఒక యువకుడు

జవాబు: లెక్క బాగా వేశావు బాబూ. ఆ ఆరూ ఆదివారాలు. ఆదివారం పునరుత్థానాన్ని తలచుకునే రోజు కాబట్టి దాన్ని ఉపవాస దినాల్లో కలపరు. చూసుకో. అయితే ఇంకో లెక్క ఉంది. రెండో శతాబ్దపు క్రైస్తవ రచన 'హెర్మాసు కాపరి'లో, ఉపవాసం రోజు తినని భోజనానికి ఎంతవుతుందో లెక్కకట్టి ఆ సొమ్ము విధవరాలికో అనాథకో ఇమ్మని ఉంది. డబ్బు మిగిలితే డబ్బు, నీకు మిగిలింది టైము. రోజుకు ఎన్ని గంటలో రాయలేదు నువ్వు. అది కూడా లెక్కేసి, ఎవరికిచ్చావో వచ్చే ఉత్తరంలో రాయి.