కన్సోల్ అమ్మకాల లెక్కలు కంఠతా వచ్చిన అమ్మాయికి ఏ ఉద్యోగం?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ప్రధాన సబ్జెక్టులు. చిన్నప్పటి నుంచి సోనీ వాళ్ల ప్లేస్టేషన్ అంటే ప్రాణం. ఏ కన్సోల్ (గేములాడే పెట్టె) ఎప్పుడు వచ్చింది, ఎన్ని అమ్ముడుపోయాయి అని అడిగితే తడుముకోకుండా చెబుతుంది. స్నేహితులెవరైనా మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ మేలంటే పొద్దుపోయేదాకా వాదిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఈ రంగంలోనే ఉద్యోగం చేస్తానంటోంది. గేములు తయారుచేయాలని మాత్రం లేదట. ప్రోగ్రామింగ్ పెద్దగా రాదు, బొమ్మలు వేయడం రాదు. కంపెనీల మధ్య పోటీ గురించి చదవడం, లెక్కలు వేయడం ఇష్టమంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉంటుందా? తను తయారుచేసుకున్న అమ్మకాల పట్టికను జతచేస్తున్నాను. – ఒక తల్లి

జవాబు: ఉంటుంది. గేములు తయారుచేసే ఉద్యోగాలతో పోలిస్తే వీటి సంఖ్య తక్కువే. కానీ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఇందులో చోటు ఉంది. పట్టిక చూశాక మీ అమ్మాయికి ఈ దారి నప్పుతుందని నాకు గట్టిగా అనిపించింది. ఒక్క అడ్డంకి కనిపిస్తోంది. ప్రోగ్రామింగ్ సంగతి తర్వాత చెబుతాను, అది నేర్చుకుంటే వచ్చేదే. అంతకన్నా పెద్ద అడ్డంకి ప్లేస్టేషన్ మీద ఆమెకున్న అభిమానం. ఈ వృత్తిలో అభిమానం అంటే కొలవాల్సిన వస్తువు. కొలిచే మనిషే ఒక పక్షాన చేరితే లెక్క నమ్మదగ్గది కాకుండా పోతుంది.

ముందు పట్టిక గురించి. కన్సోల్ పేరు, కంపెనీ, విడుదలైన సంవత్సరం, మొత్తం అమ్మకాలు అని నాలుగు వరుసలు పెట్టుకుంది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌తో మొదలుపెట్టింది. ప్లేస్టేషన్ 2 ఎదురుగా 16 కోట్లు, నింటెండో వీ ఎదురుగా 10.16 కోట్లు, వీ యు ఎదురుగా 1.35 కోట్లు అని ఉన్నాయి. ఇవన్నీ సరైన అంకెలే. 2001లో తయారీ ఆగిపోయిన సెగా డ్రీమ్‌కాస్ట్‌నూ వదల్లేదు. ఓడినవాటిని కూడా శ్రద్ధగా రాసుకునే అలవాటు అందరికీ ఉండదు, అది చూసి సంతోషించాను.

అయితే ఎక్స్‌బాక్స్ వన్ దగ్గర కూడా మిగతావాటిలాగే ఒక అంకె వేసి వదిలేసింది. మైక్రోసాఫ్ట్ 2015లోనే కన్సోల్ అమ్మకాల సంఖ్య ప్రకటించడం మానేసింది. ఆ తర్వాత బయట తిరుగుతున్నవన్నీ అంచనాలు. కంపెనీ ప్రకటించిన అంకెనూ, ఎవరో కట్టిన అంచనానూ ఒకే వరుసలో, ఏ గుర్తూ లేకుండా పక్కపక్కన పెట్టడం ఈ వృత్తిలో పెద్ద తప్పు. ఇంకో సంగతి. కంపెనీలు చెప్పే ‘అమ్మకాలు’ చాలాసార్లు దుకాణాలకు పంపిన పెట్టెల లెక్క. ఆటగాళ్ల ఇళ్లకు చేరినవి ఎన్నో అది చెప్పదు. విడుదలైన కొత్తలో, సరుకు దొరకనప్పుడు, ఈ రెండింటికీ తేడా తక్కువ. గిరాకీ తగ్గి గోదాముల్లో పెట్టెలు పేరుకున్నప్పుడు తేడా పెరుగుతుంది. మనకు ముఖ్యమైన కథ చాలావరకు ఆ తేడాలోనే దొరుకుతుంది. కాబట్టి పట్టికకు మరో రెండు వరుసలు చేర్చమనండి: అంకె ఎవరు చెప్పారు, అది దేని లెక్క.

ఇక ఆ పట్టిక చెప్పకుండా వదిలేసిన విషయానికి వస్తాను. నింటెండో వరుసనే చూడండి. 2006లో వచ్చిన వీ పది కోట్లు దాటింది. ఆ కొన్నవాళ్లందరూ కంపెనీకి కట్టుబడి ఉన్నవాళ్లే అయితే 2012లో వచ్చిన వీ యు కూడా ఆ దరిదాపుల్లో ఉండాలి. అది కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. 2017లో వచ్చిన స్విచ్ మళ్లీ 15 కోట్లు దాటింది. ఒకే కంపెనీ, అవే మారియో, జెల్డా గేములు. మరి అభిమానులు మధ్యలో అయిదేళ్లు ఎక్కడికి వెళ్లారు?

మారియో కార్ట్ 8 అనే ఒక్క గేమును పట్టుకుని చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. వీ యులో అది 84 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అంటే ఆ కన్సోల్ కొన్న ప్రతి వందమందికి అరవైకి పైగా కాపీలు. గేము మీద ఇష్టానికి లోటేమీ లేదు. అదే గేమును కాస్త పెంచి 2017లో స్విచ్‌లోకి తెస్తే ఆరు కోట్ల కాపీలు దాటింది. లోపం ఆ పెట్టెలోనూ, దాన్ని పరిచయం చేసిన తీరులోనూ ఉంది. వీ యు అనే పేరు విని చాలామంది అది పాత వీకి తగిలించుకునే అదనపు పరికరమనుకున్నారు. కొత్త కన్సోల్ అన్న సంగతే జనానికి సరిగ్గా చేరలేదు. పైగా వీ కొన్నవాళ్లలో చాలామంది కుటుంబమంతా కలిసి సరదాగా టెన్నిస్, బౌలింగ్ ఆడుకోవడానికి కొన్నారు. ఆ సరదా తీరాక వాళ్లను మరో కన్సోల్ వైపు లాగే కారణం కనిపించలేదు. ఒకసారి కొన్న మనిషి మళ్లీ కొంటాడా అన్నదే అసలు ప్రశ్న. దానికి మొత్తం అమ్మకాల అంకె ఎంత పెద్దదైనా జవాబు చెప్పలేదు.

మీ అమ్మాయి అభిమాన కంపెనీ కథా ఇలాంటిదే. ప్లేస్టేషన్ 2 కొన్న 16 కోట్ల ఇళ్లు సోనీ వెంటే ఉంటాయని ఆ కంపెనీ ధీమాగా ఉన్నట్టు 2006లో ప్లేస్టేషన్ 3కు పెట్టిన ధర చూస్తే తెలుస్తుంది: అమెరికాలో 499, 599 డాలర్లు. ఎక్స్‌బాక్స్ 360 అప్పటికి ఏడాది ముందే 299, 399 డాలర్లకు వచ్చేసింది. ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్‌కు తగ్గట్టు గేములు రాయడం బయటి స్టూడియోలకు కష్టమైంది. చివరికి ఆ కన్సోల్ 8.7 కోట్ల దగ్గర నిలిచింది. తక్కువ సంఖ్యేమీ కాదు, కానీ వెనకటి దానిలో దాదాపు సగం. 1995లో సెగా శాటర్న్‌ను 399 డాలర్లకు అమ్ముతుంటే తన మొదటి ప్లేస్టేషన్‌ను 299 డాలర్లకే ఇస్తానని వేదిక మీద ప్రకటించి ఆట మార్చిన కంపెనీ ఇదే. ధర ఎంత బలమైన ఆయుధమో ఆ సోనీకే బాగా తెలుసు. పదకొండేళ్ల తర్వాత అదే ధర దగ్గర దెబ్బతింది.

ఆటగాళ్లను నిజంగా కట్టిపడేసేవి ఏమిటో కూడా కాలంతో పాటు మారాయి. ఒకప్పుడు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాలంటే కొత్త పెట్టె కొనుక్కుని, పాత డిస్కులు అమ్మేసుకుంటే సరిపోయేది. 2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చిన దగ్గర నుంచి గేములను డిజిటల్‌గా కొనడం బాగా పెరిగింది. అలా కొన్నవి ఖాతాకే అతుక్కుని ఉంటాయి, అమ్ముకోవడానికి లేదు. స్నేహితుల జాబితా, గెలుచుకున్న ట్రోఫీలు, సగం ఆడి దాచుకున్న గేములు అన్నీ ఆ ఖాతాలోనే. ఆ తరం కన్సోళ్లలో మైక్రోసాఫ్ట్ మొదటే తడబడింది. ఆటగాడి కదలికలను గుర్తించే కైనెక్ట్ కెమెరాను తప్పనిసరిగా జతచేసి 499 డాలర్లు పెట్టింది, సోనీ ధర 399. డిస్కు గేములను మళ్లీ అమ్ముకోవడం మీద ఆంక్షలు ప్రకటించి, గగ్గోలు పుట్టాక వెనక్కి తగ్గింది. అన్ని తరాల్లోకీ ఓడకూడని తరంలో ఓడిపోయామని, జనం తమ డిజిటల్ గేముల సేకరణను కట్టుకున్నది అప్పుడేనని ఎక్స్‌బాక్స్ అధిపతిగా ఉండగా ఫిల్ స్పెన్సర్ 2023లో బాహాటంగా చెప్పారు. స్నేహితులతో వాదించేటప్పుడు మీ అమ్మాయి ‘నాకు ప్లేస్టేషనే నచ్చుతుంది’ అంటుంది కదా. ఆ నచ్చడంలో గేముల గొప్పతనం ఎంత, ఇన్నేళ్లుగా కొని పెట్టుకున్న గేములను వదులుకోలేకపోవడం ఎంత? ఈ రెండింటినీ విడదీసి చెప్పగలిగిన మనిషికి కంపెనీలు జీతమిస్తాయి.

అలా విడదీసిన లెక్క ఎంత విలువైనదో ఒక ఉదాహరణ చెబుతాను. కాల్ ఆఫ్ డ్యూటీ అనే యుద్ధం గేము తీసుకొచ్చే యాక్టివిజన్ బ్లిజర్డ్‌ కంపెనీని 68.7 బిలియన్ డాలర్లకు కొంటానని మైక్రోసాఫ్ట్ 2022 జనవరిలో ప్రకటించింది. ఆ గేమును ఎక్స్‌బాక్స్‌కే పరిమితం చేసి ప్లేస్టేషన్‌ను దెబ్బతీస్తుందేమోనన్నది బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ అనుమానం. మొదటి పరిశీలనలో, అలా చేస్తే మైక్రోసాఫ్ట్‌కు లాభమేనని లెక్క తేలింది. ఆ గేము ఆడేవాళ్లు నిజంగా ఎలా కొంటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అన్న మెరుగైన సమాచారం వచ్చాక మళ్లీ లెక్క వేస్తే అది భారీ నష్టమని తేలింది. 2023 మార్చిలో సీఎంఏ కన్సోళ్ల విషయంలో తన అభ్యంతరాన్ని వదులుకుంది. క్లౌడ్ గేమింగ్ (ఇంటర్నెట్ ద్వారా దూరంలోని సర్వర్ల మీద నడిచే గేములు ఆడటం) మీద అభ్యంతరం మాత్రం నిలిచింది. ఒప్పందంలో మార్పులు చేశాకే, అక్టోబరులో ఆ కొనుగోలు పూర్తయింది. ఒక ఆటగాడు కన్సోల్ మారతాడా మారడా, మారితే జీవితకాలంలో ఎంత ఖర్చు పెడతాడు అన్న ప్రశ్న మీద ఇంత పెద్ద వ్యవహారం ఆధారపడింది. ఆ లెక్కలు కట్టేది ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లే.

ఇలాంటి పని దొరికే చోట్లు చాలా రకాలు. సర్కానా, ఆంపియర్ అనాలిసిస్, న్యూజూ లాంటి మార్కెట్ పరిశోధన సంస్థలు గేముల అమ్మకాలను వృత్తిగా గమనిస్తాయి. కన్సోల్ కంపెనీల్లో, పెద్ద పబ్లిషర్లలో ధరలు నిర్ణయించే బృందాలు, ఆటగాళ్ల ప్రవర్తనను విశ్లేషించే బృందాలు, బయటి స్టూడియోలతో ఒప్పందాలు చూసే బృందాలు ఉంటాయి. పెట్టుబడి సంస్థలకు ఈ కంపెనీల షేర్లను అధ్యయనం చేసేవాళ్లు కావాలి. పోటీ చట్టాల కేసుల్లో పనిచేసే ఆర్థిక సలహా సంస్థలు మరో దారి, అక్కడ చాలాచోట్ల మాస్టర్స్ అడుగుతారు. నన్నడిగితే మొదటి ఉద్యోగానికి ఏదైనా స్టూడియోలో డేటా విశ్లేషణ మేలు. ఎక్కడో వచ్చిన నివేదికను చదవడం వేరు, నిన్న ఎంతమంది ఆట మధ్యలో వదిలేశారో పొద్దున్నే చూసి కారణం వెతకడం వేరు.

చదువు విషయానికి వస్తే ఉన్న సబ్జెక్టులు వదలొద్దు. రిగ్రెషన్, శాంప్లింగ్ గట్టిగా నేర్చుకోవాలి. ఎకనామిక్స్‌లో పారిశ్రామిక వ్యవస్థల (ఇండస్ట్రియల్ ఆర్గనైజేషన్) పేపరు ఉంటే తప్పకుండా ఎంచుకోవాలి. కన్సోల్ ఇటు ఆటగాళ్లనూ, అటు గేములు తయారుచేసేవాళ్లనూ ఒకేసారి ఆకర్షించాల్సిన వేదిక. పెట్టెను లాభం లేకుండా, ఒక్కోసారి నష్టానికే అమ్మి, గేముల మీద వచ్చే వాటాతో ఎలా సంపాదిస్తారో ఆ పేపరు చదివితే అర్థమవుతుంది. కంపెనీల బ్యాలెన్స్ షీటు చదవడం రావాలి. ఇక ప్రోగ్రామింగ్: గేము రాసేంత అక్కర్లేదు, కానీ డేటాబేసుల నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, కొంత పైథాన్ ప్రోగ్రామింగ్ రాకుండా ఈ పని దొరకదు. ఇష్టం లేదని తప్పించుకోవడానికి వీల్లేదు.

ఒక ప్రమాదాన్నీ మీకు చెప్పాలి. ఈ పరిశ్రమలో ఉద్యోగాలకు స్థిరత్వం తక్కువ. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని తీసేసింది. మరుసటి నెలలోనే సోనీ ప్లేస్టేషన్ విభాగంలో దాదాపు 900 మందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. అందుకే గేముల పరిజ్ఞానం ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటున్నాను. చందాదారులు ఎందుకు వదిలి వెళ్తున్నారు, ఎంత ధరకు నిలుస్తారు అని లెక్క వేయగలిగితే వీడియో సేవలకు, బ్యాంకులకు, టెలికాం కంపెనీలకు కూడా ఆ మనిషి అవసరమే.

ఇక్కడి నుంచి మీ అమ్మాయికే చెబుతున్నాను. అమ్మా, వచ్చే సెలవుల్లో ఒక పని చెయ్యి. నింటెండో తన ఆర్థిక ఫలితాల్లో ఒక్కో కన్సోల్‌కూ పెట్టెలు ఎన్ని అమ్మింది, గేములు ఎన్ని అమ్మింది అని విడివిడిగా ప్రకటిస్తుంది. గేముల సంఖ్యను పెట్టెల సంఖ్యతో భాగించు. వీకి దాదాపు తొమ్మిది వస్తుంది, వీ యుకి ఏడున్నర. పెట్టెల అమ్మకాల్లో ఏడున్నర రెట్ల తేడా ఉంటే ఈ అంకెల్లో తేడా ఇంత తక్కువ ఎందుకుందో ఆలోచించి రాయి. ఆ తర్వాత ప్లేస్టేషన్ 3 మొదటి మూడేళ్ల గురించి ఓ ఆరు పేజీలు రాయి. సోనీ వైపు నుంచి వద్దు. 2006లో ఎక్స్‌బాక్స్ 360 కొనుక్కున్న, అంతకు ముందు ప్లేస్టేషన్ 2తో ఆడుకున్న మనిషి వైపు నుంచి రాయి. ఆ మనిషి తీసుకున్న నిర్ణయం ఎందుకు సబబో చూపించు. ప్రతి అంకె పక్కనా అది ప్రకటించినదో, అంచనానో రాయి. అది పూర్తయ్యాక, నీతో రోజూ వాదించే ఆ ఎక్స్‌బాక్స్ స్నేహితులకే ఇచ్చి తప్పులు వెతకమను. వాళ్లు పట్టుకున్నవి సరిచేసి నాకు పంపు. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు ఏ పేజీలు జతచేయాలో అప్పుడు చెబుతాను.