చిన్నోడి రీఫ్ ట్యాంకుకు

నాయనా చిన్నోడా,

నువ్వు కర్నూలులో రీఫ్ ట్యాంకు, అదే పగడాలూ సముద్రపు చేపలూ పెంచే ఉప్పునీటి తొట్టి, పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర ఉంచడం, నురగతో మురికి లాగే స్కిమ్మర్ కప్పు కడగడం నీకు తెలిసినవే. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. మన వైపు చాలా బోర్లలో నైట్రేట్ ముందే ఉంటుంది. ఆర్వో ఫిల్టరు, ఆ తర్వాత మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ ఫిల్టరు దాటిన నీళ్లే వాడు, వాటినీ నైట్రేట్ పరీక్ష కిట్‌తో చూడు. కిట్‌లో అడుగున పొడి పేరుకునే సీసా ఉంటే అర నిమిషం గట్టిగా ఊపు, లేకపోతే తక్కువ చూపించి మోసం చేస్తుంది. రాతి పగడాలు ఎవరు అమ్ముతామన్నా కొనకు, అవి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

ఇక నా తప్పు. కడపలో అప్పుడు ఎండాకాలం. చేపలు అద్దం దగ్గరికొస్తే ఆకలేమో అని రోజుకు నాలుగుసార్లు మేత వేసేవాణ్ణి. తినని మేత, రెట్ట కుళ్లి అమ్మోనియా అవుతుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మారుస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది, నైట్రేట్ నీళ్లలోనే పేరుకుంటుంది. కిట్‌లో నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాములు) చూపించేసరికి టెన్షన్ పట్టుకుంది. వెనిగర్ పోస్తే వేరే రకం బ్యాక్టీరియా పెరిగి నైట్రేట్‌ను తినేస్తుందని విన్నాను. నిజమే, కానీ చుక్కలతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచాలి. నేను వారానికి సరిపడేది ఒక్క పూటలో పోశాను.

తెల్లవారుజామున మోటార్ల చప్పుడు లేక మెలకువ వచ్చింది. కరెంటు పోయింది. టార్చి వేస్తే నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. పెరిగిన బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను లాగేసింది, నీళ్లు కదిలించే మోటారు లేదు. క్లౌన్ చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చున్నా. తెల్లారేసరికి భుజం పడిపోయింది, చేపలు రెండూ పోయాయి. మీ పెద్దమ్మ ఏమీ అనలేదు. తువ్వాలు తెచ్చి నా చేయి తుడిచింది.

అందుకే చెప్తున్నా, తొందరపడితే ఊరుకోను. వారానికి పదో వంతు నీళ్లు మార్చు. ఒకేసారి ఐదో వంతు మార్చినా 50 దిగేది 40కే, అంతే. నైట్రేట్ మెల్లగా ఎక్కింది, మెల్లగానే దించు. చీటో అనే సముద్రపు నాచు పెంచితే అది నైట్రేట్‌ను కొంత లాగుతుంది. సున్నా కోసం పాకులాడకు, పగడాలు పాలిపోతాయి. 5 నుంచి 10 మధ్య ఉంటే చాలు. మేత చేతికొచ్చినంత వేయకు. చిన్నప్పుడు మా ఆవుకు కుడితి పోసి పోసి, అది వద్దంటే ఏడ్చేవాడివి. ఆ మనసు నాకు తెలుసు.

బస్సులో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పంపుతున్నా. ముందు దాన్ని తగిలించి, ఒక రాత్రి మెయిన్ ఆపేసి నడుస్తుందో లేదో చూసుకో. ఆ తర్వాతే చేపలు తెచ్చుకో.

మీ పెద్దనాయన