మెడలో ఎముకకీ వేలికీ సంబంధమేంటి?

ప్రశ్న: మా చెల్లికి 26 ఏళ్లు, చీరల షాపులో పని. పై అరల్లోంచి చీరలు దించేటప్పుడు కుడిచెయ్యి లాగేస్తోంది, చల్లబడిపోతోంది అని ఆరు నెలలుగా అంటోంది. నరాల బలహీనత అని బిళ్లలు వాడాం, మెడ పట్టిందేమోనని మసాజ్ చేయించాం. ఇప్పుడు చూపుడువేలి కొస నల్లబడింది. స్కాన్ చేసి, మెడలో ఎముక ఎక్కువుంది, రక్తనాళాన్ని నొక్కుతోంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. మెడలో ఎముకకీ వేలికీ సంబంధమేంటి? చెయ్యి పడిపోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మసాజ్ ఇవాళే ఆపేయండి. మిగతావన్నీ తర్వాత.

మీ చెల్లికున్నది సర్వైకల్ రిబ్, అంటే మెడలోని ఏడో వెన్నుపూస నుంచి పుట్టే అదనపు పక్కటెముక. ఇది నూటికి ఒకరికి కూడా ఉండదు, ఉన్నా చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. కొద్దిమందిలో మాత్రం చేతికెళ్లే ప్రధాన రక్తనాళం దానిమీదుగా వంగి, చెయ్యెత్తిన ప్రతిసారీ నలుగుతుంది. నలిగిన చోటు దాటాక నాళం ఉబ్బుతుంది, ఆ ఉబ్బులో రక్తం గడ్డకడుతుంది, గడ్డలోంచి చిన్న చిన్న ముక్కలు ఊడి కిందికి కొట్టుకెళ్లి సన్నటి వేలి నాళాల్లో ఇరుక్కుంటాయి. వేలి కొస నల్లబడింది అందుకే, మసాజ్ వద్దన్నదీ అందుకే. పాతికేళ్ల పిల్లకి ఒక్క చేతి వేళ్లే పాలిపోయి చల్లబడుతుంటే నరాల బలహీనత అని సరిపెట్టుకోకూడదని నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

ఆపరేషన్‌లో రెండు పనులుంటాయి. సాధారణంగా కాలర్ బోన్ పైన కోసి ఆ ఎముకని, చాలాసార్లు దాని కిందున్న మొదటి పక్కటెముకని కూడా తీసేస్తారు. నాళం పాడైతే ఆ ముక్క కోసేసి, కాలిలోంచి తీసిన సిరనో కృత్రిమ గొట్టాన్నో అతుకుతారు. కింద ఇరుక్కున్న గడ్డల్ని లాగడానికి ఫోగార్టీ కాథెటర్ ఉంది: కొసన చిన్న బెలూన్ ఉన్న సన్నటి గొట్టం, గడ్డని దాటించి బెలూన్ ఉబ్బించి వెనక్కి లాగుతారు. 1963లో అమెరికా డాక్టర్ థామస్ ఫోగార్టీ దీన్ని లోకానికి చూపించారు, మొదటి బెలూన్ సర్జికల్ గ్లవ్ వేలికొస కత్తిరించి కట్టిందే.

చెయ్యి పడిపోతుందేమోనన్న భయం ఊరికే పుట్టింది కాదు. చేతిని కదిలించే నరాలు, ఊపిరి తీయించే నరం అక్కడే పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఇలాంటివి చేసిన అనుభవమున్న వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్) చేతిలోనే పెట్టండి, ఇదివరకు ఎన్ని చేశారో మొహమాటపడకుండా అడగండి. కానీ చేయించకపోతే వేళ్లు పోయే ప్రమాదముంది, ఒక్కోసారి చెయ్యే పోవచ్చు.

మీ విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో గుండె, ఛాతీ సర్జరీ విభాగంలో చూపించవచ్చు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కార్డు ఉంటే ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్య మిత్రని ముందే కనుక్కోండి. రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే ఒక్క పూట కూడా మానొద్దు. చెయ్యి ఉన్నట్టుండి తెల్లబడి, స్పర్శ తెలియక, వేళ్లు కదపలేకపోతే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, గంటల్లోనే తేడా వచ్చేస్తుంది. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదని ఇదంతా మీకు విడిగా కూడా రాసి పంపాను.